తిరగేసి చూడండి

ఆటవస్తువు మంచిదో కాదో నేను ఆడి చూడను. తిరగేసి చూస్తాను. వెనక నాలుగు స్క్రూలు కనిపిస్తే సగం మార్కులు అక్కడే వేసేస్తాను. స్క్రూ జాడే లేకుండా నున్నగా మెరుస్తా ఉంటే, అది ఎన్ని వేలు పోసి కొన్నదైనా నా లెక్కలో విస్తరాకే. తిన్నామా, విసిరేశామా!

కడపలో ఏడురోడ్ల దగ్గర సందులో నాది రిపేరు అంగడి. ఏడాదంతా మిక్సీలు, ఫ్యాన్లు, స్టెబిలైజర్లు. వేసవి సెలవులొస్తే మాత్రం బల్ల నిండా వీడియో గేములే. తెచ్చే పిల్లల వెనకాల పెద్దోళ్లు ముఖం మాడ్చుకోని నిలబడతారు. వాళ్లనూ అనలేం. గేమ్ అంటే పేపర్లో అప్పుల వార్త అన్నట్టు తయారైంది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025 ఆగస్టులో కేంద్రం చట్టం చేసి మరీ ఆపింది. కానీ నా బల్ల మీదికొచ్చే గేములు ఆ జాతివి కావు. వీటికి మన జేబు ఎక్కడుందో తెలీదు. సెల్లు అయిపోతే పడుకుంటాయి, అంతే.

ఈ రిపేరు విద్య నాకు కర్నూల్లో పట్టుబడింది. పది తప్పినాక మా నాయన నన్ను పాత బస్టాండు దగ్గర ఒక టీవీ మెకానిక్కు అప్పజెప్పినాడు. ఆయన్ను అందరూ ఉస్తాద్ అనేవాళ్లు. జబ్బేందో కస్టమరు చెప్పబోతా ఉంటే నా వైపు తిరిగి, ‘ముందు మూత తియ్యబ్బీ, మాటలు తర్వాత’ అనేవాడు. తొంభైల నడిమి కాలం. టీవీకి తగిలించే గేము పెట్టెలు అప్పుడే ఇళ్లల్లోకి దిగుతున్నాయి. జపాన్‌లో నింటెండో కంపెనీ 1983లో ఫ్యామికామ్ అని ఒక పెట్టె తెచ్చింది. మా బల్ల మీదికి వచ్చినవన్నీ దానికి నకళ్లు. క్యాసెట్టు మీద తొమ్మిదులు వరసగా అచ్చేసుండేవి, అన్ని లక్షల గేములున్నాయన్నట్టు. లోపల నిజంగా ఉన్నవి ఇరవయ్యో ముప్పయ్యో. మిగతావన్నీ అవే, రంగు మార్చి, పేరు మార్చి. మారియో, కాంట్రా, ట్యాంకులాట, సర్కస్, బాతుల వేట. ఊరంతా ఇవే ఆడేది.

మాకెక్కువగా వచ్చేది పెట్టె కాదు, రిమోటు. అప్పట్లో అందరం దాన్ని రిమోటే అనేవాళ్లం. మూత తీస్తే లోపల ఏముంది? బటన్ కింద రబ్బరు టోపీ, టోపీ అడుగున నల్లటి కార్బన్ బిళ్ల. నొక్కితే బిళ్ల దిగి బోర్డు మీది రెండు గీతల్ని కలుపుతుంది. వదిలితే రబ్బరు దాన్ని పైకి లేపుతుంది. అంతకు మించి రహస్యం లేదు. మురుకులు తిన్న చేత్తో ఆడితే నూనె లోపలికి దిగి బటన్ పలకదు. దూదికి రొంత స్పిరిట్ అద్ది తుడిస్తే పలుకుతుంది. బిళ్లే అరిగిపోతే సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం కత్తిరించి అంటించేవాణ్ణి. ఐదు రూపాయలు. వైరు మెడ దగ్గర తెగితే రెండంగుళాలు కోసేసి మళ్లీ టంకం పెట్టేవాణ్ణి. మూడు రిపేర్లయ్యేసరికి పిల్లోడు టీవీకి ముక్కు ఆనించి ఆడాల్సి వచ్చేది. ‘అన్నా, వైరు పొడుగు కాదా?’ అని అడిగేవాళ్లు. ‘పెరగడానికి అదేమన్నా గుమ్మడితీగనా?’ అనేవాణ్ణి.

ఆ నకలు రిమోటులో నాకు నచ్చని భాగం ఒకటుండేది. కూడిక గుర్తు మాదిరి ఉండే దిక్కుల బటన్. అసలు దాంట్లో ఆ బటన్ ఒకే ముక్క. దాని అడుగున నడిమధ్యలో చిన్న బొడిపె ఉంటుంది. తక్కెడ మాదిరి ఒక పక్క దిగితే ఎదుటి పక్క లేవాల్సిందే. పైకీ కిందికీ ఒకేసారి నొక్కుదామన్నా కుదరదు. నకలు చేసినోళ్లు చానాసార్లు ఆ బొడిపెలోనే పొదుపు చేసినారు. బటన్ మొత్తం కుంగి, ఎటు పోవాలో తెలీక మారియో గుంతలో పడేవాడు. పిల్లోడు తన బొటనవేలిని తిట్టుకునేవాడు. తప్పు వేలిది కాదు, అచ్చులో మిగిలించుకున్న కాసింత ప్లాస్టిక్కుది.

ఆ బటన్‌ను కనిపెట్టిన మనిషి సంగతి నాకు చానా ఏళ్ల తర్వాత తెలిసింది. పేరు గున్‌పే యొకోయి. 1965లో ఆయన నింటెండోలో చేరినప్పుడు అది పేకముక్కలు అచ్చేసే కంపెనీ. ఈయన పని ఆ ముక్కలు చేసే మిషన్లను బాగు చేయడం. అంటే మావాడే, రిపేరువాడు! రైల్లో ఒకాయన ఊసుపోక క్యాలిక్యులేటర్ నొక్కుకుంటా ఉంటే చూసి, 1980లో అదే రకం అగ్గువ తెరతో జేబులో పట్టే గేము చేసినాడు. రెండేళ్లకు మడతపెట్టే గేము చేస్తే దానికి దిక్కులు తిప్పే నిలువు కర్ర పెట్టడానికి సందు లేకపోయింది. అప్పుడు పుట్టింది ఈ కూడిక బటన్. నలభై ఏళ్లు దాటినా ఇంకా దాదాపు ప్రతి గేము రిమోటులో ఎడమ బొటనవేలి దగ్గర ఏదో ఒక రూపంలో ఉంది.

ఆయన సిద్ధాంతం ఇంకా బాగుంటుంది. కొత్తగా వచ్చిన సాంకేతికత వెంట పడొద్దు. బాగా పాతబడి, ఎండిపోయి, అగ్గువకు దొరికేదాన్ని పట్టుకో, దాంతో ఎవరూ చేయని పని చెయ్యి అన్నాడు. ‘ఎండిపోయిన’ అన్న మాట ఆయనదే. ఎండిన నేలలో పుట్టినోడికి ఈ మాట ఇంగొకరు విడమరిచి చెప్పాల్సిన పనిలేదు. 1989లో ఈయన గుంపు చేసిన గేమ్‌బాయ్‌కి రంగుల్లేవు, తెర వెనక దీపం లేదు. నాలుగు పెన్సిల్ సెల్లు వేస్తే పదిహేను గంటలకు పైనే ఆడేది. పోటీకి సెగా కంపెనీ రంగుల తెరతో గేమ్‌గేర్ తెచ్చింది. ఆరు సెల్లు మింగి ఐదు గంటలైనా సరిగ్గా నిలబడేది కాదు. ఏది గెలిచింది? గేమ్‌బాయ్, దాని తర్వాత వచ్చిన రంగుల తమ్ముడు కలిపి 11.8 కోట్లకు పైగా అమ్ముడుపోయినాయి. తక్కువ నీళ్లకు ఎక్కువ రోజులు నిలబడే కొర్రపైరు మాదిరి.

మాకు గేమ్‌బాయ్ అందలేదు. ఎమ్మిగనూరు జాతరలోనో, కడప పెద్ద దర్గా ఉరుసులోనో ఇటుకలాట కొనుక్కునేవాళ్లం. రష్యాలో 1984లో అలెక్సీ పజిత్నోవ్ చేసిన టెట్రిస్‌కు అది పేదింటి చుట్టం. రెండు పెన్సిల్ సెల్లు వేస్తే వారాలు నడిచేది. సెల్లు నీరసించి తెర మసకబారితే తీసి మిద్దె మీద ఎండలో పెట్టేవాళ్లం. ఇంకో అర్ధగంట ఆట వచ్చేది. మా సీమలో కరెంటు కరువు ఉండొచ్చు, నీళ్ల కరువు ఉండొచ్చు, ఎండకు మాత్రం ఎప్పుడూ కరువు లేదు. పైగా సాయంత్రం కరెంటు పోతే టీవీ గేము మధ్యలోనే చచ్చేది. ఇటుకలాట మాత్రం అరుగు మీద కూర్చోని పాడుకుంటా ఉండేది.

ఇదంతా విని పాతవన్నీ బంగారం అంటున్నానని అనుకోవద్దు. అట్ల అనుకోని ఒకాయన మోసపోయినాడు. పోయినేడాది ప్రొద్దుటూరు నుంచి వచ్చినాడు, ముప్పై అయిదు నలభై మధ్య వయసు. చిన్ననాటి గేము పెట్టె, దాని తుపాకీ అటక మీద నుంచి దించి, కొడుక్కు చూపిద్దామని కొత్త ఎల్ఈడీ టీవీకి తగిలించినాడు. బాతులు ఎగురుతున్నాయి, ఒక్కటీ రాలడంల్యా. ‘అన్నా, తుపాకీ పోయినట్టుంది, రొంత చూడు’ అన్నాడు. నేను తుపాకీ విప్పకుండానే చెప్పినా: ‘పోయింది తుపాకీ కాదప్పా, టీవీ.’

సంగతేందంటే, ఆ తుపాకీ నుంచి తెరకు ఏదీ పోదు. తెర వెలుగే తుపాకీలోకి వస్తుంది. మీట నొక్కగానే రెప్పపాటు తెర నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లటి డబ్బా ఒకటి మెరుస్తుంది. తుపాకీ గొట్టంలోని కన్ను ఆ తెలుపును చూస్తే బాతు రాలుతుంది, నలుపే కనిపిస్తే ఎగిరిపోతుంది. పిక్చర్ ట్యూబు టీవీలో బొమ్మ క్షణం ఆలస్యం లేకుండా వెలుగుతుంది కాబట్టి ఆ లెక్క కుదిరింది. కొత్త టీవీ బొమ్మను ముందు లోపల సవరించుకోని తర్వాత చూపిస్తుంది. ఆ కాస్త ఆలస్యానికే తుపాకీ గుడ్డిదవుతుంది. మా అంగట్లో మూల ఒక ఇరవై ఒక్క అంగుళాల పాత టీవీ ఉంటే దానికి తగిలించినా. మొదటి గుండుకే బాతు రాలింది. కొడుకు చప్పట్లు కొడితే తండ్రి కళ్లు తుడుచుకున్నాడు. ఆ టీవీ ఎంతకిస్తావని అడిగినాడు. ఇయ్యలేదు.

పాతవాటి తప్పులు ఇంకా ఉన్నాయి. నకలు పెట్టెల అడాప్టర్లు దోసె పెనం మాదిరి కాగేవి. అసలు చిప్పుకు బదులు బోర్డు మీద నల్లటి జిగురు బొట్టు ఒకటి ఉండేది. ఆ బొట్టు కింద ఏదన్నా పోతే ఉస్తాద్ కూడా చేతులెత్తేసేవాడు. పైగా అవన్నీ ఇంకొకరి కష్టాన్ని చెప్పకుండా ఎత్తుకొచ్చినవి. ఇప్పుడు ఆన్‌లైన్లో దొరికే చేతి గేములదీ అదే కథ. అయినా వాటిల్లో నాలుగొందల గేములని రాసుండే ఒక అగ్గువ రకం ఉంది. దాని వెనక మూత గోటితో తీస్తే లోపల ఉండేది పాత నోకియా ఫోన్లలో వాడిన బీఎల్-5సీ బ్యాటరీ. ఈమధ్య ఒక జేజినాయన మనవణ్ణి ఎంటబెట్టుకోని అట్లాంటిది తెచ్చినాడు. బ్యాటరీ ఉబ్బింది. నా సొరుగులోది ఒకటి తీసి వేసినా. ‘అయిపాయనా?’ అన్నాడు పెద్దాయన. అయిపాయ.

అదే రోజు ఇంకో పిల్లోడు వేలు పెట్టి కొన్న రిమోటు తెచ్చినాడు. చెయ్యి తీసేసినా బొమ్మ తనంతట తానే ఎడమకు నడుస్తా ఉందంట. బొటనవేలితో తిప్పే కర్ర కింద కార్బన్ పట్టీ మీద చిన్న ముల్లు రాసుకుంటా తిరుగుతుంది. వాడేకొద్దీ పట్టీ అరుగుతుంది. అందులోనూ కడప బండల పాలిషింగు దుమ్ములో బతికే వాళ్లం, కర్ర చుట్టూ ఉన్న సందులోంచి ఆ దుమ్ము దిగితే ఇంకా తొందరగా పోతుంది. మార్చాలంటే దాచిపెట్టిన స్క్రూలు వెతికి, పద్నాలుగు కాళ్ల టంకం కరిగించి, కొత్తది కూర్చోబెట్టాలి. ఒక పూట పని. ముల్లు రాసుకునే పనే లేకుండా అయస్కాంతంతో నడిచే కర్రలు వచ్చి చానా కాలమైంది. అగ్గువ కంపెనీలు కొన్ని వాడుతున్నాయి కూడా. పేరున్నోళ్లకు ఎందుకు చేతకాలేదో వాళ్లే చెప్పాలి. అరిగిపోతే కొత్తది కొంటారులే అనుకున్నారేమో అని నా అనుమానం.

విప్పే వీలున్న వస్తువు ఎంత గట్టిదో నేను చూసినా. 2009 అక్టోబరు వరదల్లో కర్నూలు మునిగినప్పుడు నీళ్లు తీసినాక నేను ఉస్తాద్ అంగడికి పోతి. గోడల మీద పైదాకా బురద గీత. టీవీలు, టేప్‌రికార్డర్లు బండికెత్తి పారబోసినాం. ఒక గేము పెట్టె చేతికి తగిలితే దాన్నీ విసరబోయినా. ఉస్తాద్ ఆపి, ‘మూత తియ్యబ్బీ’ అన్నాడు. నాలుగు స్క్రూలు తీసినా. బోర్డును మంచినీళ్లతో కడిగి, పళ్లు తోమే బ్రష్షుకు స్పిరిట్ అద్ది రుద్ది, రెండు రోజులు ఎండబెట్టినాం. తగిలిస్తే మారియో పాట వచ్చింది. అంత వరదను తట్టుకున్న ఆ ఆట మొత్తం 40 కిలోబైట్లు. పొద్దున్నే మీ ఫోనుకొచ్చే శుభోదయం పూలబొమ్మ దానికంటే పెద్దది.

ఇట్లా విప్పి బాగుచేసుకునే రిపేరు హక్కు కోసం మన ప్రభుత్వం 2022 డిసెంబరులో ఒక పోర్టల్ తెరిచింది. పొలం పనిముట్లు, ఫోన్లు, ఎలక్ట్రానిక్ సామాన్లు, ఇంటి సామాన్లు, బండ్లు అందులో ఉన్నాయి. యూరప్‌లోనైతే 2027 ఫిబ్రవరి నుంచి, కొన్న మనిషే బ్యాటరీ తీసి మార్చుకునేట్టు వస్తువు ఉండాలని చట్టమే రాసుకున్నారు. మన దగ్గర కూడా ఆ మాట రావాలి. పిల్లల ఆటవస్తువులకు మొదట రావాలి. ఎందుకంటే వస్తువును విప్పొచ్చని మనిషి నేర్చుకునేది చిన్నప్పుడే. నేను నేర్చుకున్నది అట్లనే.

చట్టం వచ్చేదాకా మీ చేతుల్లో ఉన్న పని ఒకటి చెప్తా. ఈ సెలవులకు పిల్లలకు గేము కొనేటప్పుడు పెట్టె మీది అంకెలు చూడొద్దు. తిరగేసి స్క్రూలు లెక్కపెట్టండి. బ్యాటరీ మూత ఉందా, అందులో పట్టేది మన ఊర్లో దొరుకుతుందా అడగండి. ఒకనాటికి అది చెడిపోతుంది, చెడిపోవాల్సిందే. ఆ పొద్దు పారేయకుండా పిల్లోడి చేతికి ఒక స్క్రూడ్రైవరు ఇచ్చి మూత తీయమనండి.