ఆగుట యెఱిగిన పెరుగుదల

విజయనగరమునకు సమీపమున నున్న రామతీర్థమున, కొండ యెక్కు యాత్రికుని కాలికి రాయి తగిలి చర్మము చీరెననుకొందము. రక్తము గడ్డకట్టును, కొలది దినములకు గాయము మానును. గాయము మానుట వింతయే. మానిన పిదప చర్మము పెరుగుట నిలిచిపోవుట అంతకంటె పెద్ద వింత.

గాయమైనచోట రక్తఫలకికలు వృద్ధికారకములను పదార్థములను విడుచును. అవి కణములోనికి తిన్నగా చొరవు. తాళమునకు తాళపుచెవివలె, కణముపై నున్న గ్రాహకములలో తమకు తగిన దానికే అమరును. అంతట గ్రాహకములు రెండేసి జతగూడి, ఒకదాని లోపలి కొనకు మరియొకటి ఫాస్ఫేటును తగిలించును. ఆ గుర్తుతో లోపలి మాంసకృత్తులు మేల్కొని, కబురును కేంద్రకమునకు చేర్చును. కణము రెండగును. కబురు ఆగినచో పనియు ఆగును. ఇట్టి కారకములను కనుగొన్నందులకు రీటా లెవీ మాంటాల్చినీకిని, స్టాన్లీ కోహెన్‌కును 1986లో నోబెల్ బహుమతి లభించినది.

కబురు లేకయే పని సాగినచో నేమగును? 1982లో తెలుగు శాస్త్రజ్ఞుడు ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డి అమెరికాలో తన సహచరులతో కూడి, మూత్రాశయపు క్యాన్సరు కణములనుండి రాస్ అను జన్యువును పరీక్షించెను. కబురు మోయు మాంసకృత్తును చేయున దీ జన్యువే. అందు మారినది ఒక్క అక్షరము. దానిచే 12వ స్థానమున గ్లైసీన్‌కు బదులు వాలీన్ చేరినది. రాస్ ఆగుట మరచినది. ఆ యేటనే మరి రెండు బృందములును ఈ సంగతినే తేల్చినవి.

ఇది దూరదేశపు ముచ్చట కాదు. ఉత్తరాంధ్ర తీరగ్రామములలో, ముఖ్యముగా స్త్రీలలో, చుట్ట నిప్పును నోటిలోపల నుంచి పీల్చు వాడుక కలదు. దానినే అడ్డపొగ యందురు. పొగలోని విషములు అంగిటి కణముల జన్యువులను చెరచును; అంగిటి క్యాన్సరు కిది కారణము. తాతలనాటి వాడుక యని దీనిని సమర్థించుట తగదు. చిరకాలము అడ్డపొగ త్రాగియు బ్రతికినవారిని కొందరు చూపుదురు. ఏ దమ్ముతో ఏ యక్షరము మారునో ఎవరెరుగుదురు? ఒకరు తప్పించుకొనుట అందరికిని అభయము కాదు.

అవ్వను మందలించుట మనుమలకు తగదు. ప్రేమతో చెప్పుట తగును. నోట మానని పుండు గాని, తెల్లమచ్చ గాని కనబడినచో జాగు చేయక ఆమెను వైద్యునికడకు తోడ్కొని పోవలెను. బాలలారా, చదివిన చదువునకు ఇంతకంటె మంచి వినియోగము వేరొకటి కలదా?