జవాబు ఎవరికి చేరాలి?

ఉత్తరం వ్రాయుట మర్యాద. దానికి బదులు ఏ చిరునామాకు వ్రాయవలెనో తెలుపుట అంతకు మించిన మర్యాద. పూర్వం తపాలాశాఖవారి జవాబీ కార్డు ఇందుకు చక్కని నిదర్శనం. దానితో జతగా ఉండే రెండవ కార్డుపై మన చిరునామా ముందే వ్రాసి పంపితే, అందుకొన్నవారు తమ ఖర్చు లేకుండా సమాధానం పంపేవారు.

నేడు ఫీజు గడువులు, స్కాలర్‌షిప్ సమాచారం ఈమెయిల్ ద్వారా వెళుతున్నవి. పైథాన్ భాషలో వ్రాసిన చిన్న ప్రోగ్రాం వందల లేఖలను స్వల్పకాలంలో పంపగలదు. కాని అనేక సంస్థల లేఖలు ‘నోరిప్లై’ అనే చిరునామా నుండి వస్తున్నవి. ముస్తాబాద్, సిరిసిల్ల ప్రాంతాల నుండి బ్రతుకుతెరువుకై గల్ఫ్ దేశాలకు వెళ్ళిన తండ్రి, "ఫీజుకు పది రోజుల గడువు ఇప్పించగలరా?" అని అట్టి లేఖకు బదులు వ్రాస్తే చదివే నాథుడుండడు. గడువు మాత్రం దాటిపోతుంది.

ఇందుకు పరిష్కారం కష్టమైనది కాదు. ఈమెయిల్‌లో ‘ఫ్రమ్’ అనే పంక్తి పంపినవారిని, ‘రిప్లై-టు’ అనే పంక్తి జవాబు చేరవలసిన చోటును తెలుపుతాయి. 1982 నాటి ఆర్.ఎఫ్.సి. 822 ప్రమాణపత్రంలోనే ఈ రెండవ పంక్తికి స్థానమున్నది. పైథాన్‌లోని ‘ఈమెయిల్‌మెసేజ్’కు ఈ పంక్తిని చేర్చుటకు ఒక్క వాక్యం చాలును. జాంగో వాడేవారు ‘రిప్లై_టు’కు చిరునామా ఒక్కటే అయినా జాబితాగానే ఇవ్వవలెను.

విద్యార్థి మిత్రులు ఒక సంగతి గమనింతురు గాక. వెబ్‌సైటులో ఎవరో నింపిన విజ్ఞప్తిని కార్యాలయానికి పంపేటప్పుడు వారి చిరునామాను ‘ఫ్రమ్’లో పెట్టరాదు. ఎస్.పి.ఎఫ్., డీమార్క్ అనే తనిఖీలు అట్టి లేఖను దొంగలేఖగా భావించి త్రోసివేయవచ్చును. ‘ఫ్రమ్’లో కళాశాల చిరునామా, ‘రిప్లై-టు’లో విజ్ఞప్తిదారుని చిరునామా ఉండుటే సరియైన పద్ధతి. చేరని లేఖల సమాచారం సాధారణంగా ‘రిప్లై-టు’కు రాదు, అది కవరుపై చిరునామా వంటి వేరొక పంపకపు చిరునామాకు వస్తుంది. దానినీ చూస్తుండవలెను.

జవాబులు వరదవలె వచ్చిపడునని కొందరి భయం. ఒకే ప్రశ్న పదిమంది అడిగినారంటే మన ప్రకటనలోనే స్పష్టత లోపించినదని గ్రహించవలెను. ఆ మాట మనకు తెలియుట లాభమే గాని నష్టం కాదు.

కావున పాలకవర్గమువారికి మా మనవి. జవాబుల చిరునామా ఏ ఒక్క ఉద్యోగి సొంతది కారాదు. ఆయన బదిలీ అయితే ఉత్తరాలు అనాథలగును. కార్యాలయం పేర ఒక ఉమ్మడి చిరునామా ఉండవలెను. తెలుగు, ఉర్దూ రెండూ చదువగలవారు ప్రతిదినం దానిని తెరచి చూడవలెను. ప్రోగ్రాంలోని పంక్తి జవాబుకు దారి మాత్రమే చూపగలదు. ఆ దారిన వచ్చినవారిని పలుకరించవలసిన బాధ్యత మనది.