కొండ మీద ఆగే సిగరెట్టు పూల్ పక్కన ఎందుకు ఆగదు?

'ఇక్కడ పొగ తాగరాదు' అన్న బోర్డు కనబడగానే మన మగవాళ్ళలో కొందరికి ఎక్కడలేని స్వాతంత్ర్య కాంక్ష పుట్టుకొస్తుంది. ఇంట్లో గ్యాస్ బుక్ చెయ్యమంటే రేపు చూద్దాంలే అనే మనిషి, రిసార్టు రిసెప్షన్ దగ్గర మాత్రం హైకోర్టు వకీలులా వాదిస్తాడు. "రాత్రికి తొమ్మిది వేలు కడుతున్నాం, ఒక్క సిగరెట్ కాల్చుకోవడానికి కూడా మీ పర్మిషన్ కావాలా?" అంటాడు. పక్క గదివాళ్ళూ ఆ తొమ్మిది వేలే కట్టారని, వాళ్ళు గాలి పీల్చుకోవడానికి కూడా కలిపే కట్టారని ఆయనకి తోచదు.

ఈమధ్య సెలవులంటే రిసార్టే అయిపోయింది కదండీ. అమ్మమ్మగారి ఊళ్ళలో ఇళ్ళకి తాళాలు పడ్డాయి. పిల్లల పుట్టినరోజులు, మామగారి షష్టిపూర్తి, ఆఖరికి పెళ్ళిళ్ళు కూడా అక్కడే. అందుకని ఈ బోర్డుకీ మన మనుషులకీ మధ్య జరిగే తంతు చూసే అవకాశం నాకు బాగానే దొరికింది.

నేరుగా ఎదురు తిరిగేవాళ్ళు తక్కువే. ఎక్కువమంది బోర్డుకి నమస్కారం పెట్టినట్టే పెట్టి పక్కనుంచి దూరిపోతారు. గదిలో వద్దన్నారు కాబట్టి బాల్కనీలో కాలుస్తారు. బాల్కనీ తలుపు బార్లా తీసే ఉంటుంది. గాలి లోపలికే కొడుతుంది కాబట్టి పొగంతా మంచం మీదకే వస్తుంది. అక్కడా కుదరదంటే బాత్‌రూమ్‌లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసుకుని. ఆ ఫ్యాన్ పక్క గదివాళ్ళ కిటికీ మీదకి ఊదుతోందేమో అన్న అనుమానం ఎవరికీ రాదు. ఇంకొందరు మరీ తెలివైనవాళ్ళు, సీలింగ్‌కి ఉన్న స్మోక్ డిటెక్టర్‌కి స్నానాల దగ్గర పెట్టే ప్లాస్టిక్ టోపీ తొడుగుతారు. రాత్రి నిజంగా నిప్పంటుకుంటే మోగాల్సిన గంట అది. దాని గొంతు నొక్కేసి, దాని కిందే కన్నపిల్లల్ని పడుకోబెడతారు. మర్నాడు ఆ సంగతి టిఫిన్ దగ్గర గొప్పగా చెప్పుకుంటారు కూడా.

ఈ తెలివి రిసార్టులకే పరిమితం కాదులెండి. 2023 ఆగస్టులో తిరుపతి నుంచి సికింద్రాబాద్ వస్తున్న వందేభారత్‌లో ఒకాయన టాయిలెట్‌లో సిగరెట్ వెలిగిస్తే అలారం మోగి, మంటలార్పే పొడి చిమ్మి, బండి మొత్తం ఆగిపోయింది. బోగీలో అందరూ హడలిపోయారు.

సరే, వీళ్ళు చెప్పే కారణం ఎప్పుడూ ఒక్కటే. "అలవాటైపోయింది, ఆగలేను." ఈ మాట మీదే నా పేచీ అంతా.

ఆగలేరా? తిరుమల వెళ్ళినప్పుడు అలిపిరి దగ్గర తనిఖీలో సిగరెట్ పెట్టె తీసి పారేసి బస్సెక్కుతారు. పైన ఒక రాత్రి, ఒక్కోసారి రెండు రాత్రులు ఉంటారు. కంపార్ట్‌మెంట్‌లో గంటలు గంటలు కూర్చుంటారు. ఒక్కరు కూడా చచ్చిపోలేదు. అయ్యప్ప మాల వేసుకుంటే 41 రోజులు. విమానం ఎక్కితే దుబాయ్ దాకా నాలుగు గంటలు. కొందరు అమెరికాలో కూతురి దగ్గరికి వెళ్తూ పదహారు గంటలు ఒకే విమానంలో కూర్చుంటారు. అంతెందుకు, నలభై ఏళ్ళొచ్చినా నాన్నగారి ముందు సిగరెట్ తీయని మగవాళ్ళు మన ఇళ్ళలో ఎంతమంది లేరు? ఆయన వీధి గుమ్మంలో కనబడితే చాలు, కాలుతున్న సిగరెట్‌ని అరచేతిలో దాచేస్తారు. చెయ్యి కాలినా సరే.

అంటే ఆగడం వచ్చు. ఎవరి ముందు ఆగాలో వాళ్ళకి ఒక లెక్కుంది. ఆ లెక్కలో దేవుడున్నాడు, నాన్నగారున్నారు, మామగారున్నారు, ఆఫీసులో పెద్దసారున్నారు. ఇన్‌హేలర్ పట్టుకు తిరిగే ఎనిమిదేళ్ళ పిల్లవాడు లేడు. కడుపుతో ఉన్న మరదలు లేదు. పెళ్ళాం సంగతి అసలు అడగనే అక్కర్లేదు. సిగరెట్ మానడం కష్టమని నాకు తెలుసు, ఆ కష్టాన్ని నేను ఎగతాళి చెయ్యను. కానీ రిసార్టులో వాళ్ళని మానమని ఎవరూ అడగడం లేదు. లేచి యాభై అడుగులు నడవమంటున్నారు, అంతే.

రెండేళ్ళ కిందట గోదావరి పక్కన ఒక రిసార్టుకి మా అత్తవారి వైపు అందరం కలిసి వెళ్ళాం. మధ్యాహ్నం భోజనాలు ఏటి ఒడ్డున తాటాకు పాకలో. పనసపొట్టు కూర, పులస దొరికే కాలం కాదు గనక కొరమీను పులుసు, బాగానే వడ్డిస్తున్నారు. పక్క టేబుల్ దగ్గర నలుగురు స్నేహితులు వచ్చి కూర్చుని, సరిగ్గా బోర్డు ఉన్న స్తంభం కిందే, వెలిగించారు. మా ఆడపడుచు కొడుక్కి ఆస్తమా. వాడు దగ్గడం మొదలుపెట్టాడు. నేను వెళ్ళి రిసెప్షన్‌లో చెప్తే ఒక అమ్మాయి వచ్చింది, ఇరవై రెండేళ్ళుంటాయేమో. "సర్, స్మోకింగ్ ఏరియా అటువైపుందండీ" అంది మెల్లగా. "నీ మేనేజర్ని పిలువమ్మా, నువ్వెవరు చెప్పడానికి?" అన్నాడు అందులో ఒకడు. మేనేజర్ వచ్చాడు. వాళ్ళ వంక ఒక నవ్వు నవ్వి, మా దగ్గరికొచ్చి, "మేడమ్, మీకు లోపల ఏసీ హాల్లో టేబుల్ వేయిస్తాను, రండి" అన్నాడు.

చూశారా? రూల్ తప్పింది నలుగురు, కంచాలు పట్టుకుని లేచి నడిచింది పదకొండుమంది. మా బావగారు "పోనీలేమ్మా, సరదాగా వచ్చి గొడవెందుకు" అన్నారు. ఆ అమ్మాయి మాత్రం వెనకే నీళ్ళ జగ్గు మోసుకొచ్చింది, తప్పు తనదే అయినట్టు తలొంచుకుని. ఆ మొహం నాకు ఇప్పటికీ గుర్తే.

ఆ స్తంభం మీది బోర్డులో 'ఫిర్యాదు చేయవలసిన వ్యక్తి పేరు' అని ఒక గీత ఉంది. గీత పక్కన ఖాళీ. ఇది రిసార్టువాళ్ళు మర్యాదకి రాసే విషయం కాదండీ, రాయాలని నిబంధన. 2003లో పొగాకు ఉత్పత్తుల చట్టం వచ్చింది, 2008 అక్టోబర్ 2 నుంచి బహిరంగ ప్రదేశాల్లో ధూమపానం మీద కొత్త నిబంధనలు అమల్లోకొచ్చాయి. ఫిర్యాదు ఎవరికి చెయ్యాలో పేరు పెట్టాలి. నిషేధం ఉన్నచోట యాష్‌ట్రే, అగ్గిపెట్టె అందించకూడదు. 30 గదులున్న హోటల్, 30 మంది కూర్చునే రెస్టారెంట్ అయితే విడిగా స్మోకింగ్ ఏరియా పెట్టుకోవచ్చు గానీ, దానికి నాలుగు వైపులా నిలువెత్తు గోడలుండాలి, తలుపు దానంతటదే మూసుకోవాలి, లోపలి పొగ నేరుగా బయటికి పోవాలి, వచ్చేపోయే ద్వారం దగ్గర ఉండకూడదు. నాలుగు పూలకుండీలు అడ్డం పెట్టి, ఒక గొడుగు పాతి, 'స్మోకింగ్ జోన్' అని రాసేస్తే చాలదు. ఎవరైనా నిషేధం ఉన్నచోట కాలిస్తే ఆ చోటు నడిపేవాళ్ళూ జరిమానా కట్టాలి. అంటే మేనేజర్‌గారు ఆ రోజు నవ్వాల్సింది మా వైపు తిరిగి కాదు.

ఆరుబయట కదా అంటారు. నిజమే, చట్టం ఖాళీ జాగాని వదిలేసింది. కానీ జనం వచ్చే ఓపెన్ ఆడిటోరియం, స్టేడియం, రైల్వే స్టేషన్, బస్టాండ్ లాంటివి ఖాళీ జాగా కిందికి రావని 2008 నిబంధనలే చెప్పాయి. పది కుటుంబాలు పిల్లల్ని నీళ్ళలో దింపి గట్టు మీద కూర్చున్న స్విమ్మింగ్ పూల్‌ని ఏ మొహం పెట్టుకుని ఖాళీ మైదానం అంటారు? పూల్ గట్టు మీద తడికాళ్ళతో పరిగెత్తే పిల్లల అరికాలి కిందకి ఆరని పీక వస్తే అది ఆరుబయట కాబట్టి కాలకుండా ఉంటుందా?

జరిమానా సంగతి చెప్తే నవ్వొస్తుంది. 200 రూపాయల దాకా. కేంద్ర చట్టంలో 2003లో రాసిన అంకె అదే. పూల్ పక్కన ఒక మసాలా వేరుశెనగల ప్లేటు అంతకన్నా ఎక్కువ. పక్కన కర్ణాటక 2025లో వెయ్యి చేసింది, మంచిపని. ఎంత పెంచినా రాసే చెయ్యి ఉండాలిగా.

ఈ హక్కేమీ నిన్నామొన్న ఎవరో సరదాకి ఇచ్చింది కాదు. 1999లో కేరళ హైకోర్టు, బహిరంగంగా పొగ తాగడం పక్కవాళ్ళ జీవించే హక్కుకి భంగమని తేల్చింది. 2001లో మురళీ దేవరా వేసిన కేసులో సుప్రీంకోర్టు ఆసుపత్రులు, బడులు, గ్రంథాలయాలు, బస్సులు, రైళ్ళలో ఆపించింది. పక్కవాళ్ళ పొగ క్యాన్సర్ తెప్పిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ కింది క్యాన్సర్ పరిశోధన సంస్థ ఏనాడో తేల్చేసింది. ఇక గదుల మాటకొస్తే, కాల్చినవాడు వెళ్ళిపోయినా పొగ వెళ్ళదు. కర్టెన్లలో, పరుపులో, సోఫా గుడ్డలో అంటుకుని ఉంటుంది. కాలిఫోర్నియా హోటళ్ళలో శాన్‌డియాగో పరిశోధకులు చూస్తే, కొన్ని గదుల్లోనే కాల్చనిచ్చే హోటళ్ళలో, కాల్చకూడని గదుల్లో దిగినవాళ్ళ వేళ్ళకి కూడా నికోటిన్ అంటుకుందట. మనం దుప్పటి మార్పించుకుని వాసన పోయిందనుకుంటాం. ఆ గదులు రోజుకి పది పన్నెండు చొప్పున తుడిచే హౌస్‌కీపింగ్ అమ్మాయి ఏం పీలుస్తోందో ఎవరికి పట్టింది? బాల్కనీ కుండీలో మట్టిలోంచి పీకలు వేళ్ళతో ఏరేదీ ఆమే.

ఇప్పుడు మన దగ్గరికొద్దాం. కోపం రావచ్చు, అయినా రాస్తాను. "ఆయనకి భోజనం కాగానే అది పడాలండీ" అని కొందరు ఇల్లాళ్ళు చెప్తారు చూడండి, గొంతులో ఒక మురిపెం ఉంటుంది. మా వారికి గడ్డపెరుగు ఉండాలండీ అన్నట్టే. గదిలో పొగ వాసనొస్తే సెంటు కొట్టేది భార్య. చెక్ ఔట్ అప్పుడు క్లీనింగ్ ఛార్జీ వేస్తే, పిల్లల ముందు గొడవ వద్దని తన పర్సులోంచి తీసి కట్టేది భార్య. పక్కవాళ్ళు అడిగితే "సారీ అండీ" అని చెప్పేదీ భార్యే. ఆయన ఆ టైమ్‌లో ఫోన్ చూసుకుంటూ ఉంటాడు. మూడు పూటలా వంట తప్పించుకుని రెండు రోజులు విశ్రాంతిగా ఉందామని వచ్చి, అక్కడ కూడా ఇంటిపనే చేస్తున్నాం. పేరు మారిందంతే. ఆయన సిగరెట్టుకి మనం క్షమాపణ చెప్పడం మానేస్తే, ఆ క్షమాపణ ఆయనే చెప్పుకోవాల్సి వస్తుంది. ఒక్కసారి చెప్పుకుంటే రెండోసారి నడిచి వెళ్తాడు.

ఆడవాళ్ళు తాగరా అని అడిగేవాళ్ళకి: తాగుతారు. శ్రీకాకుళం, విశాఖ తీరంలో ముసలమ్మలు చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగడం చిన్నప్పుడు చూశాను. పాపం వాళ్ళు నిప్పు కూడా తమ నోట్లోనే పెట్టుకున్నారు. ఇప్పుడు రిసార్టుల్లో కుర్ర అమ్మాయిలూ కాలుస్తున్నారు. వాళ్ళకీ నేను చెప్పేది అదే, యాభై అడుగులు. అన్నట్టు, ఆ అమ్మాయిలు చాలామంది ఎవరైనా చూస్తారని దూరంగానే వెళ్తారు. అది భయం, మర్యాద కాదు. ఆడపిల్లకి భయం నేర్పిన మనం మగపిల్లాడికి మర్యాద నేర్పితే సరిపోయేది.

గిరీశం చుట్టని పొగుడుతూ పద్యం చదివితే డిగ్రీలో మేమందరం నవ్వాం. గురజాడ గిరీశాన్ని మనకి చూపించిందే నవ్వమని. ఇప్పటి గిరీశాలని చూసి ఎవరూ నవ్వడం లేదు, టేబుల్ ఖాళీ చేస్తున్నారు.

నాకు ఆశ్చర్యం కలిగించేది ఇంకొకటుంది. 2016-17 జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో మగవాళ్ళలో పొగ తాగేవాళ్ళు 19 శాతం. అంటే నూటికి ఎనభైమంది తాగరు. ఆ రోజు పాకలో కూడా తాగని మగవాళ్ళు పాతికమంది ఉండుంటారు, మా బావగారితో సహా. ఇరవై రెండేళ్ళ అమ్మాయిని "నువ్వెవరు" అంటుంటే ఒక్కరు తలెత్తి, "బాబూ, ఆ అమ్మాయి చెప్పింది కరెక్టే కదా" అనలేదు. క్రికెట్ గురించి ముక్కూమొహం తెలియనివాళ్ళతో అరగంట వాదిస్తారు మరి.

వచ్చే నెల మా తోడికోడళ్ళం, పిల్లలం కలిసి మళ్ళీ ఎక్కడికైనా వెళ్దామనుకున్నాం. బుక్ చేసే పని నాకు అప్పజెప్పారు. ఫోన్ చేసి రేటు కన్నా ముందు స్మోకింగ్ ఏరియా ఎక్కడుందని అడుగుతున్నాను. ఒకచోట అబ్బాయి చాలా ఉత్సాహంగా, "పూల్ పక్కనే మేడమ్, సార్లకి చాలా కన్వీనియంట్" అన్నాడు. ఆ ఊళ్ళో ఇంకో రెండు రిసార్టులున్నాయట, నంబర్లు సంపాదించాను.