చావలేని ప్రతినాయకుడు

ఈ పుటల్లో నవలలూ కథాసంపుటాలూ తప్ప మరొకటి కనిపించకూడదని భావించే మిత్రులు కొందరున్నారు. ఈసారి వారికి కొంత అసౌకర్యం తప్పదు. నా బల్ల మీద ఉన్నది ఒక ఆటపుస్తకం. పేరు ‘కర్స్ ఆఫ్ స్ట్రాడ్’. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట కోసం 2016లో విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ వారు ప్రచురించారు. ఆ ఆట తెలియనివారికి ఒక్క మాట: నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు, ఒక్కొక్కరూ ఒక్కో సాహసికుడి పాత్ర వహిస్తారు. ఒకరు మాత్రం మిగిలిన లోకమంతా తానే అవుతారు. ఊరు, వాన, పూటకూళ్ళవ్వ, రాక్షసుడు, అన్నీ ఆయనే. ఇంగ్లీషులో డంజన్ మాస్టర్ అంటారు. మనకు సూత్రధారి అనే చక్కని మాట ఉండగా వేరొకటి ఎందుకు?

నా అభియోగం సూటిగా చెబుతాను. ఈ ఆటలో ప్రతినాయకుణ్ణి పాడుచేస్తున్నది సాహిత్యం మీద ప్రేమ ఉన్న సూత్రధారులే, అంటే మనలాంటివారే.

ఈ దేశంలో మా పిల్లల తరం ఈ ఆట విరివిగా ఆడుతుంది. వారి పక్కన కూర్చుని నేనూ చాలా సాయంత్రాలు గడిపాను. చదువరి అయిన ప్రతి యువ సూత్రధారీ చేసే మొదటి పని ఒకటే: ప్రతినాయకుడి జీవితచరిత్ర రాయడం. తల్లి ఎప్పుడు పోయింది, గురువు ఎలా అవమానించాడు, ఏ అర్ధరాత్రి ఏ గ్రంథం తెరిచాడు, ముప్ఫై పుటలు. ఆటగాళ్ళు ఆ పుటలను ఎన్నడూ చూడరు. చివరకు కోట మెట్ల మీద విలన్ నిలబడి, కత్తి దూసిన నలుగురి ముందు తన బాల్యాన్ని ఉపన్యసిస్తాడు. ఆటగాళ్ళు మర్యాదకు వింటారు. ఒకడు సెల్‌ఫోన్ చూసుకుంటాడు.

ఆసుపత్రిలో మా దగ్గర చేరే కుర్ర వైద్యులు మొదట నేర్చేది రోగి చరిత్ర రాయడం. మంచివారు చాలా వివరంగా రాస్తారు. మరింత మంచివారు తగ్గించి రాయడం నేర్చుకుంటారు. ఏ వివరం ఈ రోజు మనం చేయవలసిన పనిని మారుస్తుందో దాన్నే ముందు పెడతారు. దానికన్నా ముఖ్యమైన పాఠం మరొకటి ఉంది. ప్రతి వ్యాధికీ ఒక సహజగతి ఉంటుంది. మందు వేయకపోతే, ఎవరూ అడ్డుపడకపోతే, అది ఏ వారానికి ఏ అవయవాన్ని పట్టుకుంటుందో తెలియాలి. అది తెలియని వైద్యుడికి ఎప్పుడు చేయి వేయాలో తెలియదు. ప్రతినాయకుడికి సూత్రధారి రాసిపెట్టుకోవలసినది ఇదే: ఆటగాళ్ళు ఇంట్లో పడుకుంటే వీడు రేపు ఏం చేస్తాడు, ఎల్లుండి ఏం చేస్తాడు, ఆఖరున ఊరు ఏమవుతుంది. గతం కాదు, నిరాటంకమైన భవిష్యత్తు. 2010లో విన్సెంట్ బేకర్ ‘అపోకలిప్స్ వరల్డ్’ అనే ఆటలో ఈ పద్ధతికి ఒక రూపం ఇచ్చాడు. 2012 నాటి ‘డంజన్ వరల్డ్’ దాన్ని మరింత విడమరచి, ముంచుకొచ్చే ప్రమాదాన్ని ఒక్కొక్క దుశ్శకునంగా వరుసలో రాసుకోమంది. ఆటగాళ్ళు అడ్డుపడిన చోట ఆ వరుస తెగుతుంది. తెగినప్పుడు విలన్ మరో దారి వెతుక్కుంటాడు. వాడి పాత్ర అప్పుడే, అక్కడే, అందరి ఎదుటా తయారవుతుంది. కాగితం మీద ముందే తయారైపోయినవాడికి ఇక ఆటగాళ్ళతో పనేముంది?

ఇక స్ట్రాడ్ దగ్గరకు వస్తాను. 1983లో ట్రేసీ, లారా హిక్‌మన్ దంపతులు ‘రేవెన్‌లాఫ్ట్’ అనే చిన్న పుస్తకం రాశారు. అందులోనివాడే ఈ స్ట్రాడ్ ఫాన్ జారోవిచ్. అంతకుముందు ఆడిన ఏదో ఆటలో, నేలమాళిగలో ఒక గది తలుపు తీయగానే రక్తపిశాచం ఒకటి తగిలిందట. అది అక్కడ ఎందుకుంది, దానికి ఏం కావాలి అన్న ప్రశ్న నుంచి తమ పుస్తకం పుట్టిందని హిక్‌మన్ చెప్పుకున్నాడు. అడగవలసిన ప్రశ్న అదే.

స్ట్రాడ్‌కూ గతం ఉంది. యౌవనమంతా యుద్ధాల్లో గడిపి బరోవియా లోయను గెలుచుకున్నాడు. తమ్ముడు సెర్గేయ్‌ని వరించిన తత్యానా మీద మనసు పడ్డాడు. మృత్యువుతో ఒప్పందం చేసుకుని పెళ్ళిరోజునే తమ్ముణ్ణి చంపాడు. ఆమె కోట గోడ మీద నుంచి దూకింది. ఇంతే. ఒక పుట చాలు. ఈ గతం పనికివచ్చేది ఎందుకంటే, ఆ లోయలో ఇప్పుడు ఇరీనా అనే అమ్మాయి ఉంది, ఆమె ముమ్మూర్తులా తత్యానాలా ఉంటుంది, ఆమెను కాపాడమని ఆటగాళ్ళను మొదటి ఊరిలోనే అడుగుతారు. స్ట్రాడ్ కోరుకునేది సాహసికుల చేతిలో ఉంది. వాడు చివరి గదిలో కూర్చుని ఎదురుచూడడు. మధ్యలో వస్తాడు, పరీక్షిస్తాడు, కోటలో విందుకు రమ్మని ఉత్తరం రాస్తాడు. గతమంతా కూడా స్ట్రాడ్ స్వదస్తూరీ గ్రంథంగా ఎక్కడో దాగి ఉంటుంది. ఆటగాళ్ళు వెతికి సంపాదించుకోవాలి. ఉపన్యాసానికీ దీనికీ ఉన్న తేడా నేను వివరించనక్కరలేదు.

ఆ గ్రంథంలో స్ట్రాడ్ తనది ప్రేమకథ అని రాసుకున్నాడు. ఇక్కడే చదువరి సూత్రధారి మళ్ళీ జారతాడు. గాయపడ్డ హృదయం, ఒంటరితనం, పాపం. ఇటీవల ఏ విలన్‌ను చూసినా ఈ ‘పాపం’ వెంట వస్తోంది. 1819లో అచ్చయిన తొలి ప్రసిద్ధ రక్తపిశాచ కథ రాసిన జాన్ పాలిడోరి నా వృత్తివాడే, బైరన్ ప్రభువుకు ఆంతరంగిక వైద్యుడు. యజమానిని దగ్గరగా చూసినవాడు కనుకే ఆ ఆకర్షణ వెనుక ఉన్న దాన్ని లార్డ్ రూథ్‌వెన్‌గా మలిచాడు. 2016 పుస్తకానికి రాసిన ముందుమాటలో హిక్‌మన్ ఈ వంశవృక్షాన్నే గుర్తుచేస్తాడు: ఈ పాత్ర ప్రేమికుడు కాదు, ప్రేమ పేరుతో హింసించేవాడు. ఇష్టం లేదన్న అమ్మాయిని వెంబడించేవాణ్ణి మన సినిమాలు ఎన్నో ఏళ్ళు హీరో అన్నాయి. వాడికి కోరలు పెట్టి అసలు పేరుతో పిలిచిన పుస్తకమిది. దాన్ని మళ్ళీ విరహగీతం చేయడం అన్యాయం. కారణం తెలిసినంత మాత్రాన నేరం తగ్గదు. కాలేయం ఎందుకు చెడిందో తెలుసుకోవడం నా పని, కానీ తెలుసుకున్నంతలో అది బాగుపడదు.

పుస్తకంలో నాకు మరీ నచ్చినది పేకముక్కల జోస్యం. ఆట మొదట్లో మేడమ్ ఈవా అనే వృద్ధురాలు ముక్కలు పరుస్తుంది. స్ట్రాడ్‌ను చంపగల సూర్యఖడ్గం ఎక్కడుందో, వాడు కోటలో ఎక్కడ ఎదురవుతాడో ఆ ముక్కలే తేలుస్తాయి. సూత్రధారి ఇష్టం కాదు. మాయల మరాఠీ ప్రాణం సముద్రాల అవతల చిలకలో ఉందని విన్న మనకు ఇది కొత్తదేమీ కాదు. 1942 నాటి ‘బాలనాగమ్మ’ సినిమాలో గోవిందరాజుల సుబ్బారావును చూసి జనం భయపడ్డారంటే, చిలక ఒకటి ఉందని తెలిసే భయపడ్డారు. చిలక దొరికాక మెడ విరిగి తీరాలి. బాలవర్ధిరాజు చేతికి వచ్చిన చిలక చివరి క్షణంలో ‘ఇది వేరే చిలక’ అయిందంటే మన అమ్మమ్మల చేత కథ చెప్పించుకునేవాళ్ళమా?

అయినా అలాంటి మోసం ఈ బల్లల దగ్గర రోజూ జరుగుతోంది. మూడు నెలలు కష్టపడి ఆటగాళ్ళు విలన్‌ను మూల చేరుస్తారు. పాచిక ఇరవై పడుతుంది. అప్పుడు సూత్రధారి, తాను పెంచిన పాత్ర మీద మమకారంతో, లేని సొరంగం ఒకటి సృష్టించి వాణ్ణి తప్పిస్తాడు. నవలలో రచయితకు ఆ అధికారం ఉంది, అక్కడ మరెవరూ పాచిక వేయలేదు కనుక. ఇక్కడ నలుగురు తమ తీరిక సమయాన్ని పణంగా పెట్టారు. వారి గెలుపును దొంగిలించడాన్ని కథన కౌశలం అనకండి.

‘కర్స్ ఆఫ్ స్ట్రాడ్’ కూడా ఈ దోషానికి అతీతం కాదు. చచ్చిన స్ట్రాడ్ కొన్ని నెలలకు మళ్ళీ లేస్తాడని పుస్తకం చివర చెబుతుంది. లాభసాటి పాత్రను ప్రచురణకర్తలు వదులుకోలేకపోయారని నా అనుమానం. సంచారజాతి వారిని చిత్రించిన తీరులోనూ లోపాలున్నాయి. రోమానీల మీద ఉన్న పాత దురభిప్రాయాలు అందులో తొంగిచూశాయి, 2020లో ప్రచురణకర్తలే సవరణకు పూనుకున్నారు.

2014 నాటి ‘డంజన్ మాస్టర్స్ గైడ్’లో విలన్ పన్నాగం, పద్ధతులు, బలహీనత పాచికలు వేసి తేల్చుకునే పట్టికలున్నాయి. సాహిత్యాభిమానులు వాటిని చూసి నవ్వుతారు. నాకవి ముద్దుగానే ఉన్నాయి. వాడికి ఏం కావాలి, ఎలా సాధిస్తాడు, ఎలా చస్తాడు అని అడుగుతాయి, చిన్నప్పుడు వాణ్ణి ఎవరు కొట్టారో అడగవు. ముప్ఫై పుటల చరిత్ర ఇప్పటికే రాసిపెట్టుకున్నవారు దాన్ని నవల చేసుకోవచ్చు. అచ్చయితే పంపండి, ఇక్కడే సమీక్షిస్తాను. శనివారం సాయంత్రం బల్ల దగ్గరకు వచ్చేటప్పుడు మాత్రం విలన్ ఈ వారం ఏం చేయబోతున్నాడో, చిలక ఎక్కడుందో రాసిన చీటీ ఒక్కటి తెచ్చుకోండి.