పులికాట్ అడుగున గడ్డి

హైదరాబాద్‌కు సముద్రం లేదు. ముషీరాబాద్ నుంచి ఉస్మానియా ప్రాంగణం మీదుగా తార్నాక దాకా తిరిగినా ఉప్పునీటి చుక్క కనబడదు. అయినా సముద్రం సంగతులు చూసే కేంద్ర సంస్థ ఇన్‌కాయిస్‌ను 1999లో ఆ నగరంలోనే నెలకొల్పారు. చేపలు ఎక్కడ పడతాయో, అలలు ఎంత ఎత్తు లేస్తాయో రేవులకు అక్కడినుంచే కబురు వస్తుంది. మంచిదే. అయితే సూళ్లూరుపేట, తడ ప్రాంతాల జాలరులకు అంతకన్న దగ్గరి విషయం ఒకటుంది. అది పులికాట్ సరస్సు అడుగున పెరిగే సముద్రపు గడ్డి.

ఇది నాచు కాదు. వేరు, కాండం, ఆకు, పువ్వు ఉన్న మొక్క. హాలోఫిలా అనే రకం ఈ సరస్సులో ఉన్నట్టు శాస్త్రజ్ఞులు గుర్తించారు. రొయ్యపిల్ల, పీతపిల్ల దాక్కుని ఎదిగేది ఈ గడ్డి చాటునే. వేళ్లతో బురదను కదలకుండా పట్టి ఉంచేదీ ఇదే. దీనికి వెలుతురు కావాలి. వానల్లో కాళంగి వంటి నదుల ఒండ్రు మితిమీరితే ఆ వెలుతురు అందదు. రాయదొరువు ముఖద్వారం ఇసుకతో పూడితే వేసవిలో నీరు తగ్గి ఉప్పు పెరుగుతుంది. పూడిక గురించి చాలామంది మొరపెట్టుకున్నారు. గడ్డి ఊసెత్తేవారే తక్కువ. శీతాకాలంలో వచ్చే రాజహంసల మీద ఉన్న శ్రద్ధలో సగం దీని మీద ఉన్నా చాలు.

ఉపగ్రహం చూస్తుంది గదా అనవచ్చు. శ్రీహరికోట పొరుగువారికి ఉపగ్రహం గొప్ప వేరే చెప్పాలా? కాని నీరు తేటగా ఉంటేనే పైనుంచి అడుగు కనబడుతుంది. పచ్చగా కనబడినది గడ్డో నాచో తేల్చడానికి మనిషి నీటిలో దిగవలసిందే. అదేమంత బ్రహ్మవిద్య కాదు. 50 మీటర్ల తాడు పరచి, 50 సెంటీమీటర్ల చదరపు చట్రం అక్కడక్కడ ఉంచి, అందులో నూటికి ఎన్ని పాళ్లు గడ్డి ఉందో, ఆకు ఎంత పొడవుందో రాసుకోవాలి. మూడు నెలలకొకసారి మళ్లీ అదే చోట చూడాలి. ఆస్ట్రేలియాలో 1998లో మొదలైన సీగ్రాస్ వాచ్‌లో సామాన్య జనమే ఈ పని చేశారు.

గెడ వేస్తే అడుగున ఏముందో చెప్పగల జాలరి ఇక్కడ ఉండగా ఎక్కడినుంచో మనుషులను తేనక్కరలేదు. కొలత రోజున అతనికి వేట పోతుంది కనుక కూలి కట్టివ్వాలి. లెక్క తెలుగులో రాసి పంచాయతీ గోడకు అంటించాలి, ఒక ప్రతి హైదరాబాద్‌కు పంపాలి. మొదటి కొలత ఈశాన్య వానలకు ముందే పడాలి. లేకుంటే వానల తరువాత ఎంత పోయిందో చెప్పడానికి అంకె ఉండదు.