విశ్వం మనకెందుకు నచ్చలేదు?



సినిమా అంటే మనకు హీరో కావాలి. పదిమందిని కొట్టాలి, చివరికి గెలవాలి. అందుకే శ్యామ్ బెనెగల్ తీసిన 'నిశాంత్' (1975) చూసిన మన మిత్రులు చాలామంది ఒకే మాట అన్నారు: "ఇందులో హీరో ఎవరన్నా? ఆ విశ్వంగాడు అస్సలు నచ్చలే!" నచ్చకపోవడం న్యాయమే. కానీ మనిషి నచ్చలేదు కాబట్టి సినిమా బాగాలేదంటే మాత్రం మేం ఒప్పుకోం.

కథ 1945 నాటిది. రాసింది విజయ్ టెండూల్కర్. ఊరిని నలుగురు జమీందారు అన్నదమ్ములు ఏలుతుంటారు. ఊరికి కొత్తగా వచ్చిన బడిపంతులు భార్య సుశీల (షబానా ఆజ్మీ) మీద చిన్నవాడైన విశ్వం (నసీరుద్దీన్ షా) కన్ను పడుతుంది. అన్నలు ఆమెను ఇంట్లోంచి ఎత్తుకుపోతారు. పంతులు (గిరీష్ కర్నాడ్) పోలీసుల దగ్గరికి, వకీలు దగ్గరికి, కలెక్టర్ దగ్గరికి తిరుగుతాడు. ఎవరూ ఆదుకోరు. చివరికి గుడి పూజారితో కలిసి ఊరినే కదిలిస్తాడు.

విశ్వం అన్నల్లాంటివాడు కాదు. మెతకవాడు, భయస్తుడు. అందుకే మొదట అతని మీద జాలి కలుగుతుంది. అన్నలు దుర్మార్గులని చూడగానే తెలుస్తుంది. విశ్వం సంగతి ఆలస్యంగా తెలుస్తుంది. నేరం అన్నలు చేస్తారు, ఫలితం అతను అనుభవిస్తాడు. వద్దని ఒక్క మాట అనడు. దొరతనం కొరడా పట్టినవాడి వల్లే నిలబడలేదు. పక్కన నోరు మూసుకుని లాభం పొందినవాళ్ల వల్ల కూడా నిలబడింది. ఈ నిజం చెప్పాలంటే మనకు నచ్చే హీరో పనికిరాడు.

"వెట్టి చేసింది మనవాళ్లు, కెమెరా మాత్రం దొర తమ్ముడి మీదెందుకు?" అని కొందరు అడిగారు. ఈ ప్రశ్నలో న్యాయం ఉంది. ఊళ్లో పేదల గోడు ఎప్పటినుంచో ఉన్నా, పంతులు ఇల్లు కూలాకే ఊరు లేస్తుంది. ఆ లేచిన ఊరు కూడా దొరలతో ఆగదు. సుశీల, విశ్వం భార్య రుక్మిణి సైతం బలైపోతారు. చప్పట్లు కొట్టే వీలు లేకుండా చేశాడు బెనెగల్. మన కథ మన కళ్లతో చెప్పే సినిమా మనలోంచే ఎవరో తీయాలి.

ఇది మనకు దూరపు కథ కాదు. గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాల నేల మనది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. ఇవాళ గద్వాల కోటలో డిగ్రీ కాలేజీ ఉంది, వనపర్తి రాజమహల్‌లో పాలిటెక్నిక్ ఉంది. దొరల ముందు చెప్పులు చేతపట్టుకుని నడిచినవాళ్ల మనవలు అక్కడ పుస్తకాలు పట్టుకుని నడుస్తున్నారు. మా ఇళ్లలో పట్టా పుచ్చుకున్న మొదటివాళ్లం మేమే. ఆ గర్వం మాకుంది. దాంతోపాటే ఒక భయమూ ఉంది.

మనం పెద్దదొరలం కాలేం. కానీ విశ్వం కావడం చాలా సులువు. రాత్రి పక్క రూములో జూనియర్ తమ్ముణ్ణి ఎవరో ఏడిపిస్తుంటే తలుపేసుకుని చదువుకోవడం, మెస్‌లో పప్పు నీళ్లయితే "మనకెందుకులే, ఇంకో మూడు నెలలేగా" అనుకోవడం అలాంటివే. రేపు మనలో ఒకరు ఆఫీసరైతే, ఆ పంతులు లాంటి మనిషి దరఖాస్తు పట్టుకుని మన ముందే నిలబడతాడు. "నా చేతిలో ఏముంది?" అంటే మనమూ విశ్వం సంతతే.

జూనియర్లు ఈ సినిమా ఒక్కసారైనా చూడాలి, పూర్వ విద్యార్థులు వాళ్లతో కూర్చుని చర్చించాలి. విశ్వం ఎవరికీ నచ్చనక్కర్లేదు. అతని మీద వచ్చిన ఆ కోపం తెర ఆరిపోయాక కూడా మనలో ఉంటే చాలు.