స్టీరింగ్ మీది మెరుపు

కారు స్టీరింగ్‌కు తొడిగిన తోలు కొత్తలో మెరవదు. ఈ మాట చెబితే చాలామంది నమ్మరు. రెండు మూడేళ్లు నడిచిన బండిలో, చేతులు ఎక్కువగా ఆనే కుడి ఎడమ పక్కల నిగనిగలాడే మెరుపును చూసి తోలు మంచిదని మురిసిపోతారు. నిజానికి చెమట, తలనూనె, రోడ్డు దుమ్ము కలిసి పేరుకున్న మురికి అది. చేయి అంతగా ఆనని చోట, చక్రం అడుగు భాగాన వేలితో తడిమి చూడండి. కాస్త గరుకుగా, మెరుపు లేకుండా ఉండే అసలు తోలు అక్కడ తెలుస్తుంది. శుభ్రం చేయడమంటే పక్కలను కూడా తిరిగి ఆ స్థితికి తేవడమే.

ఇది అందానికి సంబంధించిన ముచ్చట కాదు. పెబ్బేరు నుంచి ఎర్రవల్లి చౌరస్తా వైపు 44వ నంబరు జాతీయ రహదారిపై అద్దె బండి నడిపే వారి అరచేయి మే నెలలో చెమటతో తడిసే ఉంటుంది. నూనె పట్టిన తోలుపై తడి చేయి జారుతుంది. దీనికి తోడు మా వైపు మరో సంగతి ఉంది. గద్వాల ప్రాంతంలో విత్తన పత్తి సాగు విస్తారం. చేనుకు మందు కొట్టి, చేతులు దులుపుకుని, అలాగే కారెక్కే రైతులు ఉన్నారు. పత్తిపై చల్లే మందుల్లో కొన్ని చర్మం గుండా ఒంట్లోకి ఇంకుతాయి. అదే చక్రాన్ని సాయంత్రం ఇంట్లో పసివాడు నాన్న ఒడిలో కూర్చొని పట్టుకుంటాడు, ఆ వేళ్లను నోట్లో పెట్టుకుంటాడు.

శుభ్రతకు ముందు పరిశుద్ధత ప్రశ్న ఒకటి మా ముందుకు వస్తూ ఉంటుంది. ఏ పశువు తోలో, అది జబహ్ చేసినదో కాదో తెలియదు కదా, చెమట చేతితో తాకి నమాజుకు నిలబడవచ్చా అని అడుగుతారు. హజ్రత్ మైమూనా (ర.అ) ఇంటి సేవకురాలి మేక చనిపోయినప్పుడు, దాని తోలును ఊని వాడుకోవచ్చుననీ, నిషేధం తినడానికేననీ దైవప్రవక్త (స) తెలిపిన ఉదంతం హదీసు గ్రంథాల్లో ప్రసిద్ధం. 12వ శతాబ్దంలో అల్లామా మర్గీనానీ రచించిన, మా మదరసాల్లో నేటికీ పాఠంగా సాగే ‘హిదాయా’లోనూ, పంది తోలు మినహా ఊనిన జంతు చర్మం పరిశుద్ధమనే ఉంది. కార్లకు వాడేది ఎక్కువగా పశువుల తోలు. కాబట్టి ఆ సందేహం పెట్టుకోనక్కరలేదు.

ఈ సందర్భంలో ఒక మాట. హదీసులో తోలు ఊనడానికి చెప్పిన ‘ఖరజ్’ మన తుమ్మ జాతిదే. మన పల్లెల్లోనూ లందల్లో తుమ్మ చెక్క, తంగేడు చెక్క వేసి తోళ్లు నానబెట్టేవారు. పూలకే గానీ చెక్కకు తంగేడును గుర్తుపెట్టుకున్న వారు ఇప్పుడు తక్కువ. నేటి కార్ల తోళ్లలో అధిక భాగాన్ని క్రోమియం లవణాలతో ఊని, పైన రంగు, దానిపై పల్చని రక్షణ పూత వేస్తారు. మన చేయి ఆనేది ఆ పూతకే. అందుకే కొబ్బరినూనె రాస్తే తోలులోకి ఇంకదు, పైనే నిలిచి మరింత దుమ్మును పడుతుంది. మెరుపు స్ప్రేలు అంతకన్నా చెడ్డవి, చక్రాన్ని జారుడుబండ చేస్తాయి. 2020 నుంచి అలవాటైన శానిటైజరు విషయంలోనూ జాగ్రత్త అవసరం. అందులోని ఆల్కహాలు పూతను మెత్తబరచి, పొరలు పొరలుగా లేపుతుంది. పెట్రోలు, థిన్నర్ సంగతి చెప్పనే అక్కరలేదు. ఇక బట్టల సబ్బు క్షారం. క్రోమియంతో ఊనిన తోలుది ఆమ్ల స్వభావం. రెండింటికీ పొసగదు.

చేయవలసిన పని కొంచెమే. ఎండలో కాలిన తోలుపై సబ్బునీరు వెంటనే ఆరి మరక మిగులుతుంది గనుక ఫజ్ర్ తర్వాత, బండి నీడలో చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టాలి. గిన్నెడు నీటిలో నాలుగు చుక్కలు పసిపిల్లల షాంపూ చాలు. మెత్తటి గుడ్డను ముంచి, నీరు కారకుండా గట్టిగా పిండి, చక్రంలో జానెడు భాగాన్ని తుడిచి, ఆ తర్వాతే ముందుకు జరగాలి. గుడ్డ మీద గోధుమరంగు కనబడితే మురికి వస్తున్నట్టు. చక్రం రంగే గుడ్డకు అంటుతుంటే పూత పోతున్నట్టు, అక్కడితో ఆపాలి. కుట్ల వెంట మాత్రం పసిపిల్లల బ్రష్షుతో సుతారంగా రుద్దవచ్చు. పిమ్మట మంచినీటి గుడ్డతో, ఆపై పొడిగుడ్డతో తుడవాలి. నీళ్లు చల్లడం, పోయడం కూడదు. చక్రం నడుమ హారను, ఎయిర్‌బ్యాగు, వాటి తీగలు ఉంటాయి. తడి పూర్తిగా ఆరాకే బండి కదిలించాలి.

చాలా చిన్న కార్లలో అసలు తోలే ఉండదు, ప్లాస్టిక్ జాతి పదార్థమో రెక్సిన్ తొడుగో ఉంటుంది. వాటికీ ఈ పద్ధతి సరిపోతుంది. వదులైన రెక్సిన్ తొడుగు చేతిలో తిరిగిపోతుంటే మాత్రం కడగడం మాని తీసిపారేయడమే మేలు.

మందు కొట్టిన నాటి విషయం వేరు. ముందు చేతులు సబ్బుతో కడుక్కుని, చొక్కా మార్చి, అప్పుడే తలుపు తెరవాలి. నీళ్ల డబ్బా, సబ్బు బిళ్ల డిక్కీలో ఉంచుకుంటే చేను గట్టునే ఆ పని అయిపోతుంది. చక్రం తుడిచిన గుడ్డను ఇంటి బట్టలతో కలపకండి, వంటింటి వైపు అసలే రానీయకండి.